తల్లి లేని గడపకు చేరని సాయం

శ్రీకాకుళం: భర్త పోయిన ఇల్లాలికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను వస్తుంది. ఒంటరి మహిళకూ వస్తుంది. పింఛను తీసుకుంటున్న భర్త కన్నుమూస్తే దానిని భార్యకు మార్చే ఏర్పాటు కూడా 2024 చివరలో వచ్చింది. ఇవన్నీ కావలసినవే. ఎవరూ కాదనరు. అయితే భార్య పోయి, చంకన ఒకరిని, చేతికి ఒకరిని పెట్టుకుని మిగిలిపోయిన మగవాడికి ఏమున్నదని అడిగితే మాత్రం సచివాలయంలో కంప్యూటరు ముందు కూర్చున్న వారు కూడా కాసేపు ఆలోచిస్తారు. ఆ తర్వాత చెప్పే మాట ఒక్కటే. “అలాంటి కాలం మా దగ్గర లేదు.”

జిల్లాలో ఇటువంటి ఇళ్లు ఊరికి ఒకటో రెండో వుంటాయి. లెక్కకు తక్కువే గనుక ఎవరి కంటా పడవు. విధవలైన ఆడవాళ్ల సంఖ్య ముందు వీరి సంఖ్య చిన్నదే. పైగా “మగవాడు కదా, ఇంకో పెళ్లి చేసుకుంటాడులే” అనే మాట ఊళ్లో వుండనే వుంది. చేసుకున్న వారు చేసుకుంటున్నారు. చేసుకోని వారు, పిల్లలకు సవతి తల్లి ఎలా వస్తుందోనని భయపడి ఆగిపోయిన వారు, పిల్లనిచ్చే వారు దొరకని కూలీలు మాత్రం పొయ్యి దగ్గర ఒక కాలు, పొలంలో ఒక కాలు పెట్టుకుని బతుకులు ఈడుస్తున్నారు.

ఇందులో నలిగిపోతున్నది తండ్రి ఒక్కడే కాదు. తల్లి పోయిన ఇంట్లో పదకొండు పన్నెండేళ్ల ఆడపిల్ల వుంటే ఆ పిల్లే రాత్రికి రాత్రి ఇంటికి పెద్ద దిక్కవుతున్నది. తెల్లవారి గంజి కాచాలి, తమ్ముడికి స్నానం చేయించాలి, తండ్రికి కారియరు కట్టాలి. బడి గంట కొట్టేసరికి ఆ పిల్ల ఇంకా అంట్ల దగ్గరే వుంటుంది. వారానికి రెండు రోజులు మొదలైన నాగా, సంక్రాంతి నాటికి పేరు కొట్టివేయించే దాకా వస్తుంది. ఆ పైన రెండు మూడేళ్లకు పెళ్లి మాటలు. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండనిదే పెళ్లి చేయరాదని చట్టం చెబుతున్నా, “తల్లి లేని పిల్ల, ఎవరు కాపలా కాస్తారు” అన్న సాకు ముందు చట్టం ఊరి పొలిమేరలోనే ఆగిపోతున్నది.

పనికెళితే పిల్లల్లేరు, మానితే తిండి లేదు

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ల దీపాలు ఆర్పిందో జిల్లా వాసులకు కొత్తగా చెప్పనవసరం లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. డయాలసిస్ చేయించుకునే వారికి నెలకు 10,000 రూపాయల పింఛను వుంది. జబ్బు మగవారిలో ఎక్కువైనా ఆడవారిని వదిలిపెట్టలేదు. భార్య డయాలసిస్ మీద వున్న ఇంట్లో ఆ 10,000 రూపాయలే ఆధారం. మందులకు, ఆటోకు, ఇంటి సరుకులకు అన్నిటికీ అదే. ఆమె పోయిన నెలతో అదీ పోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది. ఆసుపత్రికి తిరగడంలో ఏడాది పాటు పనికి పోని భర్తను పాత మేస్త్రీ మళ్లీ పిలవడు.

ఆ ప్రాంతంలోని ఒక పల్లెలో కొబ్బరి దింపు పని చేసే నలభై ఏళ్ల మనిషి సంగతి ఇలాగే వుంది. భార్య పలాసలో జీడిపప్పు పరిశ్రమకు పనికి పోయేది. ఆమె పోయాక పెద్దపిల్ల ఏడో తరగతి, కొడుకు మూడో తరగతి. అంతకుముందు ఏటా ఆరు నెలలు చెన్నై వెళ్లి భవన నిర్మాణ పనిలో నాలుగు రాళ్లు వెనకేసుకునేవాడు. ఇప్పుడు వెళ్లలేడు. “నానెళ్తే గుంటలకి గంజి ఎవులు పోస్తారు బాబూ? ముసిల్దాయి వుంటే ఒగ్గేసి ఎల్దును. అదీ లేదు,” అంటున్నాడు. ఊళ్లో దింపు పని రోజూ దొరకదు. దొరికిన రోజు కూడా సాయంత్రం నాలుగింటికల్లా ఇల్లు చేరాలి. చీకటి పడితే ఆడపిల్ల ఒక్కతే.

తీర గ్రామాల్లో కష్టం మరో రకం. ఇక్కడి మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన వారిలో ఎక్కువ మంది ఈ జిల్లా వారే. అంత దూరం పోయేది తిరిగి వచ్చేటప్పుడు చేతికి ఒక్కసారిగా వచ్చే సొమ్ము కోసం. ఇంట్లో ఇల్లాలు లేనివాడు ఆ సొమ్ముకు నీళ్లొదులుకుని, ఊరి తెప్ప మీద దొరికింది పట్టుకోవలసిందే. ఒక్క ఊరట ఏమిటంటే, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చే భృతి వేటగాడి పేరనే వస్తుంది. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో 2025 ఏప్రిల్ 26న ఆ భృతిని 20,000 రూపాయలు చేసి పంచారు. దానికి భార్య వున్నదా, లేదా అన్న ప్రశ్న లేదు.

పసిబిడ్డ వుంటే కష్టం రెట్టింపు. కాన్పులోనో, తర్వాత కొద్ది రోజులకో తల్లి పోయిన బిడ్డకు ఏడో నెల నిండాక అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. మూడేళ్ల వరకు ఇస్తారు. ఆ తర్వాత ఆరేళ్ల వరకు కేంద్రంలోనే ఆటపాటలు, మధ్యాహ్న భోజనం, గుడ్డు. ఇది ఎవరి బిడ్డకైనా వున్నదే. తండ్రి వెళ్లి పేరు రాయిస్తే చాలు. అయితే అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి బాలామృతం అడగడానికి సిగ్గుపడే తండ్రులు ఇంకా వున్నారు. సిగ్గుతో బిడ్డ కడుపు నిండదు. ఆ సంగతి కార్యకర్తలే ఇంటికెళ్లి చెప్పవలసి వస్తున్నది.

ఉపాధి పనుల సంగతికి వస్తే, 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట రాశారు. పని దగ్గరకు అయిదేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వస్తే వారిని చూడడానికి ఒక మనిషిని పెట్టి కూలి ఇవ్వాలన్నారు. కాని ఆ రాతలో వున్నది “పనికి వచ్చిన స్త్రీల వెంట వచ్చే పిల్లలు” అని. బిడ్డను భుజాన వేసుకుని పనికి వచ్చే తండ్రి ఒకడు వుంటాడని ఆ రాసిన వారికి తోచలేదు కాబోలు.

పట్టా ఆమె పేర, అప్పు ఆయన పేర

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంటి దగ్గర వస్తున్నది. రాష్ట్రంలో పేదల ఇళ్ల స్థలాలు ఆడవారి పేరనే ఇస్తున్నారు. 2020 డిసెంబరు 25న పంపిణీ మొదలైన స్థలాలు, అంటే గ్రామాల్లో సెంటున్నర చొప్పున ఇచ్చినవి, మహిళల పేర ఇచ్చినవే. ప్రస్తుత ప్రభుత్వం గ్రామాల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఇవ్వాలని 2025 జనవరిలో నిర్ణయించింది. ఆ పట్టా కూడా మహిళ పేరనే.

ఈ నిబంధన ఊరికే రాలేదు. తాగి పట్టా కాగితం కుదువపెట్టిన వారిని, భార్యను గెంటేసి ఇల్లు అమ్ముకున్న వారిని చూసి చూసి పెట్టిన నిబంధన ఇది. దీనిని తీసేయమని ఎవరైనా అంటే ఊళ్లో ఆడవాళ్లే చీపురు కట్టలు పట్టుకుని వస్తారు, రావాలి కూడా. ఇక్కడ ప్రశ్న వేరు. ఎవరి పేర పట్టా వున్నదో ఆమే లేకపోతే ఆ ఇంట్లో మిగిలిన పిల్లల గతి ఏమిటన్నది.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస వద్ద తీరం దాటినప్పుడు పైకప్పులు ఎగిరిపోయిన పూరిళ్లు ఉద్దానంలో కోకొల్లలు. అలాంటి ఒక ఇంటి సంగతి చూడాలి. తర్వాత స్థలం పట్టా వచ్చింది, భార్య పేర. ఇల్లు మంజూరైంది, భార్య పేర. పునాది లేచింది. మొదటి బిల్లు భార్య ఖాతాలో పడింది. రెండో బిల్లు రాకముందే ఆమె కామెర్లతో పోయింది. గోడలు నడుము ఎత్తున ఆగిపోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఇటుకల మీద నాచు పట్టింది. సిమెంటు కొట్టు అప్పు మాత్రం భర్త పేర ఖాతా పుస్తకంలో నెలనెలా పెరుగుతున్నది. తండ్రీ బిడ్డలు పక్కనే టార్పాలిను కింద వుంటున్నారు.

నిజానికి ఇల్లు ఆగిపోవలసిన పని లేదు. లబ్ధిదారు మరణిస్తే మంజూరును చట్టబద్ధమైన వారసుల పేర మార్చుకునే వీలు వుంది. దానికి కావలసినవి మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసుని ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం. వీటితో గృహనిర్మాణ శాఖ ఏఈకి అర్జీ పెట్టుకోవాలి. ఈ మాట చెప్పేవారు లేక, పట్టా రద్దయిపోతుందన్న భయంతో భార్య చనిపోయిన సంగతే దాచిపెట్టే వారు వున్నారు. దాచినకొద్దీ చిక్కుముడి బిగుస్తుంది. చనిపోయిన మనిషి వేలిముద్ర ఎవరూ వేయలేరు.

మరొక సంగతి కూడా తెలుసుకోవాలి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా చనిపోయిన స్త్రీ ఆస్తి ఆమె కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానంగా వస్తుంది. అంటే ఆ ఇల్లు తండ్రి ఒక్కడిదే కాదు, పిల్లలది కూడా. రేపు తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నా మొదటి భార్య పిల్లల వాటా ఎక్కడికీ పోదు. అత్తవారి తరఫు వారు వచ్చి పట్టా మాదంటే పిల్లలుండగా చెల్లదు. ఊరి తగవుల్లో ఈ మాట చెప్పగలిగిన పెద్దమనిషి ఒకడుంటే సగం పేచీలు రచ్చబండ దగ్గరే తీరిపోతాయి.

కొత్తగా ఇల్లు కావలసిన వారికి కేంద్రం ప్రధానమంత్రి ఆవాస్ యోజన, గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000 రూపాయలు ఇస్తుంది. ఇంటి వైశాల్యం కనీసం 25 చదరపు మీటర్లు వుండాలి. మరుగుదొడ్డికి 12,000 రూపాయలు వేరుగా వస్తాయి. 2016లో మొదలైన ఈ పథకాన్ని 2029 వరకు పొడిగించారు. దాని మార్గదర్శకాల్లో ఇల్లు భార్యాభర్తలిద్దరి పేర ఇవ్వాలని, భర్త పోయినవారు, పెళ్లికానివారు, విడిపోయినవారు అయితే ఒక్కరి పేర ఇవ్వవచ్చని వుంది. రాష్ట్రం కావాలనుకుంటే స్త్రీ పేరనే ఇవ్వవచ్చు. భార్య పోయినవాడని విడిగా రాయలేదు గాని, ఇవ్వరాదని కూడా ఎక్కడా రాయలేదు. ముందు ఎవరికివ్వాలన్న వరుస చూస్తే, పెద్ద మగదిక్కు లేని ఇంటికి మార్కు వుంది. ఆడదిక్కు లేని ఇంటికి మార్కు లేదు. భూమి లేని కూలి కుటుంబమన్న మార్కు మాత్రం వస్తుంది. అర్జీలో ఆ మాట తప్పక రాయించుకోవాలి.

గ్యాసు బండ దగ్గర కూడా ఇదే తంతు. ఉజ్వల కనెక్షను 18 ఏళ్లు నిండిన మహిళ పేరనే ఇస్తారు. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకాన్ని మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో 2024 నవంబరు 1న ప్రారంభించారు. కనెక్షను చనిపోయిన భార్య పేర వుంటే రాయితీ సొమ్ము ఆమె ఖాతా చుట్టూ తిరుగుతుంది. గ్యాసు డీలరు వద్ద మరణ ధ్రువపత్రం చూపి పేరు మార్పించుకోవాలి. ఇది చేయక కట్టెల పొయ్యి ముందు కూర్చుని కళ్లు మండించుకునే పిల్లలు ఈ జిల్లాలో వున్నారు.

కాగితం మీద తల్లి వుంది

భార్య చనిపోయిన వారి గతి ఇలా వుంటే, భార్య విడిచి వెళ్లిన వారి పాట్లు చెప్పనలవి కావు. చనిపోతే ధ్రువపత్రమైనా వుంటుంది. విడిపోతే కోర్టు కాగితం వుండాలి. పల్లెల్లో విడాకులు కోర్టు దాకా పోయేది ఎన్నో వంతు? పెద్దల ముందు తెగతెంపులు చేసుకుని ఎవరి దారిన వారు పోతారు. రేషను కార్డులో పేరు అలాగే వుంటుంది.

ఆమదాలవలస వైపు ఒక ఆటో డ్రైవరుకు ఇద్దరు పిల్లలు. భార్య వేరే వూరు వెళ్లి నాలుగేళ్లు. పిల్లలు తండ్రి దగ్గరే చదువుకుంటున్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద పిల్లవాడికి 13,000 రూపాయల చొప్పున డబ్బు విడుదలైంది. ఆ ఇద్దరి సొమ్ము తల్లి ఖాతాలో పడింది. ఆ ఖాతా ఎక్కడో, ఆమె ఎక్కడో. “కాగితం మీద అది నా పెళ్లామే, ఇంట్లో మాత్రం లేదు. ఆ డబ్బు గుంటలదా, దానిదా?” అని అతను అడుగుతున్నాడు. అడిగేది న్యాయమైన ప్రశ్నే. ఆమె పక్షాన కూడా చెప్పుకోవలసినవి వుంటాయి. అవి విని తేల్చే చోటు బ్యాంకు కాదు.

పథకం ఉత్తర్వుల్లో తల్లి లేని పిల్లలకు తండ్రి లేదా సంరక్షకుల ఖాతాలో వేయాలని వుంది. అంతకుముందు 2020లో మొదలైన అమ్మఒడిలోనూ అదే మాట వుండేది. తల్లి చనిపోయిన సంగతి బడి రికార్డులోనూ, రేషను కార్డులోనూ మార్పించుకుంటే ఈ సొమ్ముకు ఇబ్బంది వుండదు. విడిపోయిన వారు మాత్రం మండల న్యాయ సేవాధికార సంఘం వద్దకు వెళ్లి ఉచితంగా న్యాయవాదిని పెట్టించుకుని పిల్లల సంరక్షణ ఎవరిదో కాగితం మీదకు తెచ్చుకోవడం ఒక్కటే దారి. ఆడవారు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీల వారితో పాటు ఆదాయం తక్కువ వున్న మగవారికి కూడా ఆ ఉచిత సాయం వుంది.

పాసుపుస్తకంలో 436 రూపాయలు

భార్య పోయిన ఇంట్లో ముందుగా వెతకవలసింది ట్రంకు పెట్టెలోని ఆమె బ్యాంకు పాసుపుస్తకం. అందులో మే నెలాఖరులోనో, జూన్ మొదట్లోనో 436 రూపాయలు తగ్గినట్టు వుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. 2022 జూన్‌కు ముందు అది 330 రూపాయలుండేది. ఏ కారణంతో చనిపోయినా 2,00,000 రూపాయలు నామినీకి వస్తాయి. 20 రూపాయలు తగ్గి వుంటే అది సురక్షా బీమా, ప్రమాదంలో పోతే మరో 2,00,000. డ్వాక్రా సంఘాల్లో వున్న ఆడవారిలో చాలామంది బ్యాంకులో చెప్పగా సంతకం పెట్టి వచ్చినవారే. ఇంట్లో చెప్పి వుండరు. భర్తకు తెలియదు. దినం అయిపోతుంది, మాసికం అయిపోతుంది, పాసుపుస్తకం బియ్యం డబ్బాలో అలాగే వుంటుంది.

సంఘం నాయకురాలిని, బ్యాంకు మిత్రను అడిగితే ఈ సంగతి అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. ఆమె పేర వున్న సంఘం అప్పు, పొదుపు ఎంతో కూడా అప్పుడే రాయించుకోవాలి. అప్పు వున్నదని భయపడి సంఘం గడప తొక్కని భర్తలు, ఆమె పొదుపు సొమ్మును కూడా వదులుకుంటున్నారు.

జాతీయ కుటుంబ ప్రయోజన పథకం అని కేంద్రానిది ఇంకొకటి వుంది. 1995 ఆగస్టు 15న మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువన వున్న కుటుంబంలో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల మధ్య చనిపోతే ఒకసారి 20,000 రూపాయలు ఇస్తారు. సంపాదించే మనిషి అంటే మగవాడేనని అందరూ అనుకుంటారు. మార్గదర్శకాల్లో ఇల్లు చూసుకునే గృహిణిని కూడా సంపాదించే మనిషిగానే లెక్కించాలని స్పష్టంగా రాశారు. రోజంతా ఇంట్లో చాకిరీ చేసే ఆడమనిషిది సంపాదనేనని ప్రభుత్వ కాగితం ఒప్పుకున్న చోటు బహుశా ఇదొక్కటే. తెలంగాణలో ఈ అర్జీలు తహశీల్దారు కార్యాలయాల్లో తీసుకుంటున్నారు.

చట్టంలో తల్లి, ఊళ్లో తండ్రి

పిల్లల కోసం కేంద్రం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అనే సాయం ఇస్తున్నది. బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు దాటరాదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేస్తే కలెక్టరు ఆధ్వర్యంలోని కమిటీ మంజూరు చేస్తుంది. చదువు ఆగిపోకుండా నిలబెట్టగల సాయం ఇది.

కాని 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఎవరికివ్వాలన్న చోట మొదటి వరుసలో రాసింది “తల్లి విధవ అయినా, విడాకులు పొందినా, కుటుంబం విడిచిపెట్టినా” అని. తండ్రి భార్యను పోగొట్టుకుంటే అన్న మాట లేదు. కాయకష్టం చేయగల తండ్రి వుంటే ఆ బిడ్డ ఆ వరుసలోకి రాడు. అయితే తండ్రి ప్రాణాంతక జబ్బుతో వున్నా, ప్రమాదంలో కాలో చెయ్యో పోయి పోషించలేని స్థితిలో వున్నా, తల్లిదండ్రులిద్దరూ లేక తాత నానమ్మల దగ్గర పెరుగుతున్నా బిడ్డకు అర్హత వుంది. బడి మాని పనిలో చేరిన బిడ్డ, చిన్న వయసులో పెళ్లి ప్రమాదంలో వున్న బిడ్డ కూడా రక్షణ కావలసిన పిల్లల కిందికే వస్తారు. అంటే తల్లిలేని బిడ్డ చదువు నిలిచి పనిలో చేరేదాకా ఆగి, అప్పుడు ఆదుకుంటామన్నట్టు వుంది ఈ ఏర్పాటు. ముందే ఆదుకుంటే ఖర్చూ తగ్గేది, పిల్లా దక్కేది.

ఆడపిల్ల వున్న తండ్రులకు ఇప్పటికి అందుబాటులో వున్న మంచి దారి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం. 2004లో మొదలైన ఈ బడులు రాష్ట్రంలో 352 వున్నాయి. ఆరో తరగతి నుంచి ఇంటర్మీడియెట్ వరకు చదువు, భోజనం, వసతి ఉచితం. అనాథలకు, తల్లిదండ్రుల్లో ఒకరు లేనివారికి, బడి మానేసిన వారికి ముందు సీట్లు ఇస్తారు. ఇక్కడ తల్లా తండ్రా అన్న భేదం లేదు. ఏడో తరగతిలో ఆగిపోయిన పిల్లను ఖాళీ వుంటే ఆ తరగతిలోనే చేర్చుకుంటారు. అబ్బాయిలకు సాంఘిక సంక్షేమ, బీసీ గురుకులాలు అయిదో తరగతి నుంచి వున్నాయి. పరీక్ష రాయాలి. మూడో తరగతి నుంచి సంక్షేమ హాస్టళ్లున్నాయి. పిల్లను హాస్టలులో వేయడానికి తండ్రి మనసు ఒప్పుకోదు, తల్లి లేనిదాన్ని దూరం చేసుకుంటామా అంటారు. ఆ బాధ నిజమే. అయితే ఇంట్లో వుంచుకుని అంట్లు తోమించడం కన్నా అక్కడ వుండి చదువుకోవడం మేలని ఒక ప్రధానోపాధ్యాయురాలు ఇంటింటికీ తిరిగి చెప్పి, ఒక్క వేసవిలో నలుగురు పిల్లలను చేర్పించారు. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు ఇంటర్మీడియెట్‌లో వున్నారు.

తండ్రి తన అర్హత మీద తెచ్చుకోగల పింఛను ఏదైనా వున్నదేమో కూడా చూసుకోవాలి. చేనేత, గీత, మత్స్యకార వృత్తుల వారికి, గిరిజనులకు 50 ఏళ్లకే 4,000 రూపాయల పింఛనుకు అర్హత వుంది. దివ్యాంగులకు 6,000. పొందూరు వైపు మగ్గం మీద బతికే భార్యలేని నేత కార్మికుడు 51 ఏళ్లు వచ్చినా, “60 నిండాలి కదా” అనుకుని ఇంట్లో కూర్చుంటే నష్టం అతనిదే.

హర్యానాలో దారి వేశారు

ఇది మన ఒక్క రాష్ట్రంలో వున్న లోటు కాదు. దాదాపు దేశమంతటా ఇలాగే వుంది. హర్యానా ప్రభుత్వం మాత్రం 2023లో ఒక అడుగు ముందుకు వేసింది. 40 ఏళ్లు దాటి, ఏడాది ఆదాయం 3,00,000 రూపాయల లోపు వున్న భార్యలేని మగవారికి నెలకు 2,750 రూపాయల పింఛను ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో ఒంటరి తండ్రులకు 730 రోజుల శిశు సంరక్షణ సెలవు వర్తింపజేస్తూ 2018 డిసెంబరులో ఉత్తర్వులిచ్చారు. నెల జీతగాడికి బిడ్డను చూసుకోవడానికి సెలవు అవసరమని గుర్తించినప్పుడు, రోజు కూలీకి ఆ అవసరం వుండదా అని పలువురు ప్రశ్నిస్తున్నారు.

హర్యానా పద్ధతి కూడా పూర్తిగా సరైనదని అనలేం. 40 ఏళ్ల కన్నా ముందే పసిపిల్లలుంటారు. పిల్లలు చిన్నవారైనప్పుడే సాయం కావాలి, పెద్దయ్యాక కాదు. పింఛను మగవాడి చేతికిస్తే సాయంత్రానికి సారా దుకాణానికి చేరుతుందన్న అనుమానమూ ఊళ్లో ఆడవారు మొగమాటం లేకుండా చెబుతున్నారు. అందుకని సాయాన్ని మగవాడికా, ఆడదానికా అని కాక బిడ్డ పేర కట్టి, బడి హాజరును చూసి ఇవ్వడం మేలని ఉపాధ్యాయులు సూచిస్తున్నారు. తల్లిలేని బిడ్డ తన వూళ్లో వున్నదని అందరికన్నా ముందు తెలిసేది అంగన్‌వాడీ కార్యకర్తకు, బడి పంతులుకు. వారి వద్ద జాబితా వుంటే ఎవరూ వెతికి పెట్టనవసరం లేదు. ఇళ్ల స్థలాల జాబితాలో కూడా మైనరు ఆడపిల్ల పేర పట్టా, ఆమె పెద్దదయ్యేవరకు తండ్రి సంరక్షణలో, అన్న పద్ధతిని ప్రభుత్వం పరిశీలించవలసి వుంది. ఆడవారి పేర ఇవ్వాలన్న నియమమూ నిలుస్తుంది, తండ్రికి అమ్ముకునే వీలూ వుండదు.

ఉచిత బస్సు సంగతి చెప్పి ఒక తండ్రి నవ్వాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి బస్సు ఉచితం. కూతురిని టెక్కలి ఆసుపత్రికి తీసుకెళితే పిల్లకు టికెట్టు లేదు, తనకు వుంది. “ఆళ్ల అమ్మ వుంటే ఇద్దరికీ లేకపోను,” అన్నాడు.

ముందుగా ఈ పని

ఏ సాయానికైనా మొదటి మెట్టు మరణ ధ్రువపత్రం. చనిపోయిన 21 రోజుల్లోగా పంచాయతీలో నమోదు చేయిస్తే ఏ రుసుమూ లేదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో చేస్తారు. అది దాటి ఏడాది లోపు అయితే అధికారి అనుమతి, స్వయంగా ధ్రువీకరించిన పత్రం కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఇంట్లో చనిపోయిన వారి విషయంలోనే ఈ ఆలస్యం ఎక్కువగా జరుగుతున్నది. ధ్రువపత్రం చేతికి వచ్చాక అయిదారు నకళ్లు తీసి వుంచుకోవాలి. రేషను కార్డులో పేరు తొలగింపు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకు బీమా, గ్యాసు, గృహనిర్మాణం, బడి, ఒక్కొక్క చోటా ఒక్కొక్కటి అడుగుతారు. బీమా అర్జీ 30 రోజుల్లోగా ఇస్తే మంచిది.

సచివాలయంలో పని కాకపోతే ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. మండల కేంద్రాల్లోనూ తీసుకుంటారు. అర్జీ ఇచ్చినప్పుడు నంబరున్న రశీదు అడిగి తీసుకోవాలి. పిల్లలు ఆపదలో వున్నా, పెళ్లి ప్రయత్నం జరుగుతున్నా 1098కి ఫోను చేస్తే చాలు, దానికి డబ్బులు పడవు. అర్జీలో “భార్య చనిపోయింది, సాయం చేయగలరు” అని ఒక్క ముక్క రాసి ఇచ్చేవారే ఎక్కువ. పిల్లల పేర్లు, వయసు, చదివే తరగతి, పట్టా నంబరు, ఇల్లు ఎంతవరకు కట్టిందీ, ఎన్ని బిల్లులు వచ్చిందీ విడివిడిగా రాస్తే ఏ కాగితం ఏ శాఖకు పోవాలో అక్కడే తేలుతుంది. నడుము ఎత్తు గోడల దగ్గర ఆగిపోయిన ఆ ఇంటి యజమాని అలాగే రాయించుకుని వెళ్లాడు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చేతికి వచ్చింది. పేరు మార్పు అర్జీ గృహనిర్మాణ శాఖ వద్ద వుంది.